కొక్కేనికి మిగిలిన బిళ్ల

ఫోను మోగేసరికి హైమ రెండు చేతులకూ శనగపిండి ఉంది. మిర్చీలు చీల్చి, వాము నూరి, చందర్ డ్యూటీ దిగి వచ్చేసరికి వేడివేడిగా వేద్దామని పిండి కలుపుతోంది. బియ్యం డబ్బా మీదున్న ఫోనును మోచేత్తో నొక్కి, స్పీకర్లో పెట్టి "హలో" అందో లేదో, హైదరాబాదు నుంచి సరిత అనే ఆవిడ, ప్రచురణ సంస్థ సంపాదకురాలు, కుశలప్రశ్నలైనా లేకుండా "మీ నవల మేం వేస్తున్నామండీ హైమగారూ, రాత్రి పట్టుకున్నదాన్ని పాలవాడు తలుపు కొట్టేదాకా వదల్లేదు" అనేసింది. హైమ ఉన్నచోటే ఒక గెంతు గెంతింది. కొత్త మెట్టెలు గచ్చుకు తగిలి టక్కుమన్నాయి. పిండి చుక్క ఒకటి ఎగిరి ముక్కు మీద వాలింది. తుడుచుకునే వీల్లేదు, తుడుచుకోవాలనీ లేదు. ఇంత సంతోషంలో ముక్కు మీద శనగపిండి ఉంటే ఉండనీ. అవతల సరిత ఇంకా మాట్లాడుతూనే ఉంది. "ఒక్క చిన్న పొరపాటు కనబడింది. గనిలో ల్యాంప్ రూము సంగతి మీరు తిరగేసి రాశారు. కొక్కేనికి బిళ్ల ఉంటే మనిషి లోపల ఉన్నట్టు రాశారు. హరిప్రసాద్ గారి కథలో మనిషి లోపల ఉండిపోతే కొక్కెం ఖాళీగా ఉంటుంది కదా. అంత పేరొచ్చిన కథ, ఆయన తప్పు రాయరు. ఆయనదీ మీ ఖమ్మమే. ముందుమాట ఆయనతోనే రాయిద్దాం, ఇలాంటివి ఆయనే సరిచూసి పెడతారు. సాయంత్రంలోపు సరేనంటే చాలు, మిగతాది నేను చూసుకుంటాను." ఫోను ఆగిపోయింది. ముక్కు మీది పిండి ఆరి, చర్మం లాగడం మొదలుపెట్టింది.

ఒంటిగంటా పది. కాగితం మిల్లులో చందర్ షిఫ్టు రెండింటికి దిగుతుంది, సైకిల్ స్టాండూ గేటూ దాటి ఇల్లు చేరేసరికి రెండున్నర. లోపలికి ఫోను తీసుకుపోనివ్వరు, గేటు దగ్గర పెట్టెలో పడేసి పోవాలి. అంటే గంటా ఇరవై నిమిషాలు ఈ మాట ఆమె ఒక్కదాని కడుపులోనే ఉండాలి. ముందు గదిలో అత్త ఆదెమ్మ గోదావరి అవతల భద్రాచలంలో ఉన్న చుట్టాలతో ఫోన్లో నీళ్లు ఎన్ని అడుగులకు వచ్చాయో మాట్లాడుతోంది. "నలభై ఒకటా? పొద్దుగాల ముప్పై తొమ్మిదన్నరే గదనే" అంటోంది. నలభై మూడైతే మొదటి హెచ్చరిక, నలభై ఎనిమిదికి రెండోది, యాభై మూడుకు మూడోది. ఈ ఒడ్డున సారపాకలో పుట్టిన పసిపిల్లలక్కూడా ఆ మూడు అంకెలూ తెలుసు. వాన ఆగిపోయింది, ఎండ కూడా కాస్తోంది, నీళ్లు మాత్రం ఎక్కడో పైన కురిసినవి కిందికి వస్తూనే ఉంటాయి. ఎండలో బట్టలారేసుకుంటూ అడుగులు లెక్కపెట్టుకునే భయం ఇది. హైమకు ఈ ఊరు కాపురానికి రాకముందే, మేనత్త ఇల్లని చిన్నప్పుడు వచ్చిపోయే వర్షాకాలాల్లోనే అందుకే నచ్చింది. చీకట్లో దయ్యం దూకితే అది ఉలికిపాటు, అర నిమిషంలో పోతుంది. ఒక అంకె చెప్పి, ఇంకో అంకె దాకా ఆగమంటే, అదీ ఉత్కంఠ. నవల రాసేటప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు ఆమెకు. గోదారే చెప్పింది.

"ఎవలే ఫోను?" అని ఆదెమ్మ లోపలికి తొంగిచూసింది.

"దోస్తు, అత్తా."

"దోస్తు చేస్తే గంత ఎగురుతవా? ఇల్లు అదిరింది. ముక్కుకు పిండేందే, పెండ్లికూతురు లెక్క?"

"నీ కొడుకొచ్చినంక చెప్త."

"అబ్బో" అని ఆదెమ్మ మూతి తిప్పి వెళ్లిపోయింది కానీ, ఇక ఆమె చెవి వంటింటి వైపే ఉంటుందని హైమకు తెలుసు. చెప్పను అంటే మరిచిపోయేది. చెప్తా, కానీ ఇప్పుడు కాదు, అంటేనే మనిషి కదలదు. ఈ చిన్న క్రూరత్వం ఎంత తియ్యగా ఉందో. మంచి వార్తతోనే ఇంత తీపి ఉంటే చెడ్డవార్తతో ఎంత ఉంటుంది? హరిప్రసాద్ సారుకు ఒక వార్త చెప్పి, మిగతాది రేపు చెప్తానంటే? ఆ ఆలోచన రాగానే ఆమె మిర్చీ తొడిమ పట్టుకొని అలాగే నిలబడిపోయింది. వేలికి కారం అంటింది. బాగానే ఉంది, మండనీ. నాలుగేళ్లుగా లోపల మండుతున్నదానితో పోలిస్తే ఇదెంత?

తిరగేసి రాశావంటుందా ఆవిడ. ఆ బిళ్ల సంగతి హైమకు కాక ఇంకెవరికి తెలుసు? కొత్తగూడెంలో ఆమె పుట్టింటి నుంచి బాయి మీదికి నడిచిపోవచ్చు. అక్కడ భూమి లోపలి గనిని ఎవరూ గని అనరు, బాయి అంటారు. కార్మికుడు దిగబోయే ముందు ల్యాంప్ రూము కిటికీలో తన ఇత్తడి బిళ్ల ఇచ్చి, టోపీకి పెట్టుకునే దీపం తీసుకుంటాడు. దీపం పోయిన కొక్కేనికి బిళ్ల తగిలిస్తారు. పైకొచ్చి దీపం ఇచ్చేస్తే బిళ్ల తిరిగిస్తారు. కాబట్టి షిఫ్టు దిగాక కొక్కేనికి బిళ్ల మిగిలిందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని. నాయన మొండయ్య బిళ్ల నంబరు మూడు వందల నలభై రెండు. హైమకు పదేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం సైరన్ అయింది, అందరూ పైకొచ్చారు, దీపాలన్నీ ఇచ్చేశారు, గోడ మీద ఒక్క బిళ్ల మిగిలింది. పక్కింటాయన పరుగున వచ్చి చెబితే అమ్మ బతుకమ్మ హైమను చేయి పట్టుకొని లాక్కుపోయింది. కిటికీ కమ్మీల్లోంచి హైమ ఆ బిళ్లను చూసింది. ఫ్యాను గాలికి అది కొంచెం కొంచెం ఊగుతోంది. ఎండ పడి మెరుస్తోంది కూడా, పండక్కి తోమిన చెంబులాగ. అమ్మ ఏడవలేదు. జుట్టు ముడి విప్పి మళ్లీ వేసుకుంది. కాసేపాగి మళ్లీ విప్పింది, మళ్లీ వేసుకుంది. "టైమెంతయింది సారూ" అని అడిగింది. చెబితే తలూపి, రెండు నిమిషాలకు మళ్లీ అడిగింది. వెతకడానికి లోపలికి పోయే జట్టు తయారవుతోంది. ఆ మూడు గంటల్లో ఎవరైనా ఒక్క కేక వేసి ఉంటే హైమకు ఆ రోజు ఇంతగా గుర్తుండేది కాదు. భయం అరుపులో లేదు, ముడి వేసుకునే చేతుల్లో ఉందని ఆమెకు తెలిసింది అక్కడే. నవలలో ఎక్కడ గుండె ఆగాలో అక్కడ ఆమె మనుషుల చేతికి ఏదో ఒక ఇంటిపని ఇస్తుంది. బియ్యంలో రాళ్లు ఏరమంటుంది, గుండీ కుట్టమంటుంది.

అయిదు గంటలకు నాయన ఆసుపత్రి దారిన నడుచుకుంటూ వచ్చాడు. మొహం నిండా బొగ్గు, టోపీకి దీపం, నడుముకు బ్యాటరీ. దోస్తు బొజ్జయ్య కాలి మీద బొగ్గుపెళ్ల దొర్లితే ఎత్తుకొని పైకి తెచ్చి, షిఫ్టు దిగే రద్దీలో వాడి దీపం కిటికీలో ఇచ్చేసి, అదే ఊపున బండెక్కించి, తనదీ ఇవ్వాలన్న ధ్యాస లేకుండా దవాఖానాకు పోయి, వాడి తలకాడ కూర్చున్నాడు. ఇక్కడ ఊరంతా అతన్ని భూమి కింద వెతకబోతోంది. "ఏందే, పిల్లను గూడ పట్టుకొచ్చినవ్, బడి లేదా?" అన్నాడు అమాయకంగా. అమ్మ టిఫిన్ డబ్బాతో వీపు మీద ఒక్కటిచ్చింది. ఆ చప్పుడు కూడా హైమ చెవుల్లో ఉంది. ఆ చప్పుడుతోనే ఆమె కథ ముగించింది, డిగ్రీ రెండో ఏట, ఖమ్మం కాలేజీలో, వార్షిక సంచిక కోసం. బ్రౌను అట్ట వేసిన నోటుపుస్తకంలో రాసి తెలుగు లెక్చరర్ హరిప్రసాద్ సారుకు ఇచ్చింది. వారం తరువాత ఆయన స్టాఫ్ రూములో కాలు మీద కాలేసుకొని, చాయ్ ఊదుకుంటూ, "మనిషి బతికొస్తే కథేముందమ్మా? ఇది కాలక్షేపం. నువ్వు పెళ్లిపాటలవీ రాసుకో, బాగుంటాయి" అన్నాడు. అక్కడున్న వాళ్లు నవ్వారు. నోటుపుస్తకం అడిగితే, ఎక్కడో పెట్టాను, వెతికిస్తాను అన్నాడు. రెండు నెలలు అడిగింది. తరువాత అడగడానికే సిగ్గేసింది. ఇప్పుడు తలచుకుంటే ఆ సిగ్గు మీదే ఎక్కువ కోపం. దొంగ ఎదురుగా చాయ్ తాగుతుంటే సిగ్గుపడింది తాను!

ఏడాది తిరిగాక కల్యాణి, హాస్టల్లో ఆమె గదిలోనే ఉండిన పిల్ల, వారపత్రిక పేజీలు ఫొటో తీసి పంపింది. "మీ నాయన కథ లెక్కనే ఉన్నది, చూడే." కింద పేరు హరిప్రసాద్. అమ్మ ముడి వేసుకోవడం ఉంది. టైమెంతయిందని అడగడం ఉంది. ఊగే బిళ్ల మాత్రం లేదు. దాని బదులు ఖాళీ కొక్కెం. జీవితంలో ల్యాంప్ రూము గడప తొక్కని మనిషి, పిల్ల తప్పు రాసిందనుకొని దిద్దాడు. ఖాళీ కొక్కెం అంటే చదివేవాళ్లకు కళ్లు చెమరుస్తాయి మరి. చివర నాయన రాడు. మూడు రోజుల తరువాత శవం వస్తుంది. పెళ్లయి వెళ్లిపోయే ఆడపిల్లలు వారపత్రికలు చదవరని ఆయన ధీమా. ఆ కథకు సన్మానాలయ్యాయి, శాలువాలు కప్పారు. హైమ ఆ ఆదివారం ఇంటికిపోయి నాయనకు చదివి వినిపించింది. మొండయ్య బీడీ ఆర్పి, "నన్ను సంపిండా? మంచిగనే సంపిండా, ఏమన్న బాధవెట్టి సంపిండా?" అన్నాడు. తరువాత ఎంతోసేపటికి, "బిళ్ల గట్ల రాస్తే బాయోళ్లు నవ్వుతరు బిడ్డా" అన్నాడు. అంతే. చంపినందుకు ఆయనకు కోపం రాలేదు, బిళ్ల తప్పు రాసినందుకు నొచ్చుకున్నాడు. ఆయనకు రాని కోపం కూడా కలిపి హైమే పడింది. కథ ఎత్తుకుపోయినా ఊరుకునేదేమో. మూడు గంటలు ముడి విప్పి ముడి వేసుకొని అమ్మ తిరిగి తెచ్చుకున్న మనిషిని, నాలుగు కన్నీటి చుక్కల కోసం చంపేశాడు.

అందుకే నవల. పెళ్లికి ముందు సగం రాసింది. మిగతా సగం ఆషాఢంలో. కొత్తకోడలు ఆషాఢమంతా అత్తారింట్లో ఉండకూడదన్న ఆచారం పెట్టిన పెద్దలకు నమస్కారం. చందర్ రోజూ మూడుసార్లు ఫోను చేసి "ఇంకెన్ని దినాలే" అని గోల పెడుతుంటే, పుట్టింట్లో మంచం మీద బోర్లా పడుకొని, ముద్దులకూ మూతివిరుపులకూ నడుమ ఆమె ఒక లెక్చరర్ను నిద్రలేకుండా చేసింది. నవలలో ఆయన ఒక విద్యార్థిని కథ దొంగిలించాడని మొదటి పేజీలోనే చదివేవాళ్లకు చెప్పేసింది. దాచి దాచి ఆఖర్న చెబితే అది పొడుపుకథ. ముందే చెప్పేస్తే, ఇక చదివేవాడు ఆయన పక్కనే కూర్చుంటాడు, ఎప్పుడు, ఎప్పుడు, అని. ప్రతి సోమవారం ఆయన బల్ల మీద ఒక ఇత్తడి బిళ్ల ఉంటుంది. ఎవరు పెట్టారో తెలియదు. ఎవరూ బెదిరించరు, ఎవరూ ఉత్తరం రాయరు. తోటి లెక్చరర్ "బాగున్నారా" అన్నా ఆయనకు రెండర్థాలు వినిపిస్తాయి. చివరికి ఆయన్ను భయపెట్టేది బిళ్ల కాదు, సోమవారం. మనిషి మెడ పట్టుకోనక్కర్లేదు, రోజుకొకసారి వాడి మెడ వాడే తడుముకునేలా చేస్తే చాలు. ఒక్కొక్క అధ్యాయం అయ్యాక హైమ పళ్లు బిగించి నవ్వేది. అమ్మ చూసి, అల్లుడు ఏదో మెసేజి పెట్టాడనుకునేది.

ఇప్పుడు ఆ నవల అచ్చు కాకముందే చదివేది ఆయనే. ముందుమాట కోసం. హైమకు ఒళ్లు జల్లుమంది, సంతోషంతోనే. ఆ వెంటనే చల్లబడింది. చదివి ఊరుకుంటాడా? "ఈ పిల్ల నా కథ చూసి రాసింది, బిళ్ల సంగతి కూడా తప్పు రాసింది" అని సరితకు ఒక్క మాట చెబితే? అచ్చులో ముందొచ్చింది ఆయనది. శాలువాలు ఆయనవి. నోటుపుస్తకం ఆయన ఇంట్లోనో, పొయ్యిలోనో. నవల అటకెక్కుతుంది, దొంగ అన్న పేరు ఆమెకు మిగులుతుంది. పోనీ ఆయన ముందుమాట వద్దని తానే అంటే? ఎందుకు వద్దని సరిత అడుగుతుంది, అప్పుడూ రుజువు కావాలి. అంతలో ఇంకో పాడు ఆలోచన. నిజంగానే తానే తప్పేమో. పదేళ్ల పిల్ల కమ్మీల్లోంచి ఏం చూసిందో. ఖాళీ కొక్కెమే చూసి, బిళ్ల చూశాననుకుందేమో. ఆయన అబద్ధం నాలుగేళ్లు అచ్చులో ఉండేసరికి ఆమె కళ్లతో చూసింది మసకబారుతోంది. తన మనసే తనకు అడ్డం తిరగడం, తన జ్ఞాపకాన్ని తానే నమ్మలేకపోవడం, దీన్నే కదా లెక్చరర్ పాత్ర మీద ప్రయోగించింది తాను. తన మందు తనకే పోశారు. ఆమె చేతులు కడుక్కొని నాయనకు ఫోను చేసింది.

"నాయనా, బిళ్ల కొక్కేనికి ఉంటే మనిషి యాడున్నట్టు?"

"కింద. ఏందే, పెండ్లయి మూన్నెల్లు గాలే, బాయి మరిసినవా?"

"మరువలే. ఊకె అడిగిన. తిన్నవా?"

"తిన్న. మీ అమ్మ పుంటికూర చేసింది. చందర్ మంచిగున్నడా? గోదారి ఎంతున్నది?"

"నలభై ఒకటి."

"పైలం బిడ్డా" అని ఒకసారి దగ్గాడు. ఆ దగ్గు. బొగ్గుధూళి దగ్గు, సన్నగా మొదలై రెండుసార్లు తెగి ఆగే దగ్గు. ఫోను పెట్టేశాక కూడా హైమ చెవిలో అదే ఉంది. ఎక్కడెక్కడో రుజువు వెతుకుతోంది తాను. పుంటికూర తిని, తువ్వాల దులిపి భుజాన వేసుకొని, గోదారి ఎంతుందని అడుగుతోంది రుజువు. కథలో మూడు రోజుల తరువాత శవమై వచ్చిన మనిషి. ఆయన నంబరు కూడా మార్చలేదు ఆ దొంగ, బద్ధకస్తుడు, మూడు వందల నలభై రెండే రాశాడు. పింఛను పుస్తకం మీద కూడా ఎక్కించుకున్న నంబరు అది, నాయన అలవాటు కొద్దీ ఎక్కడ సంతకం చేసినా పక్కన వేసే నంబరు. హైమ ఫోను తీసి సరితకు రాసింది. "ముందుమాట హరిప్రసాద్ సారే రాయాలి. రాతప్రతి నేనే తీసుకెళ్లి ఇస్తాను. బిళ్ల సంగతి ఆయనే మీకు చెప్తారు." పంపాక మళ్లీ ఒక గెంతు. ముందు గదిలోంచి ఆదెమ్మ, "ఇగ నా వల్ల గాదు, ఇప్పుడే చెప్పు" అంది.

రెండింటి సైరన్ కూసింది. నూనె పెట్టింది. జామాయిల్ దుంగల లారీ ఒకటి వీధి చివర గేరు మార్చుకుంటూ పోయింది. మిర్చీలు పిండిలో ముంచి వేస్తుంటే చుయ్యిమని పొంగుతున్నాయి, ఒక్కొక్కటీ హరిప్రసాద్ సారే, ఇటు తిప్పు, అటు తిప్పు, ఎర్రగా కాలనీ. చందర్ వచ్చి చొక్కా గుండీలు విప్పుకుంటూనే వెనక నుంచి చేయి చాపి ఒక బజ్జీ ఎత్తుకొని, నోరు కాలి, "హా హా" అంటూ గెంతాడు. అప్పుడు చెప్పింది. చందర్ అంటే మేనబావే, ఆదెమ్మ మొండయ్యకు స్వయానా చెల్లెలు. నవల అచ్చవుతుందనగానే చందర్ ఆమెను ఎత్తి గిరగిరా తిప్పబోయి, తల్లిని చూసి ఆగి, చెవి మాత్రం గిల్లాడు. తరువాతి సంగతంతా విన్నాక ముందు పేలింది ఆదెమ్మ.

"మా అన్నను సంపిండా? బతికున్న మనిషిని? వాని చెయ్యి పడిపోను. యాడుంటడే వాడు?"

"ఖమ్మంల అత్తా. పెద్దమనిషి ఇప్పుడు."

"పెద్దమనిషా, వాని మొకమా! చీపురు పట్టుకొస్త నేను."

"చీపురొద్దే అవ్వా" అన్నాడు చందర్ తల్లితో. "బావా, నువ్వు జర ఆగు, నన్ను మాట్లాడనీ" అని హైమ ఫోను తీసింది. ఆ నంబరు నాలుగేళ్లుగా తీసెయ్యలేదు. స్పీకర్లో పెట్టింది.

"నమస్తే సార్. నేను హైమను. కొత్తగూడెం పిల్లను, మీ స్టూడెంటును."

"ఆఁ... హైమ. చెప్పమ్మా, చాలామంది కదా, మొహాలు గుర్తుండవు."

"నా నవల వస్తుంది సార్. ముందుమాట మీరే రాయాలంటున్నారు."

"చాలా సంతోషం తల్లీ! తప్పకుండా రాస్తాను. నా శిష్యులు పైకి రావడం కంటే నాకేం కావాలి. ఇతివృత్తం ఏమిటి?"

"బాయి సార్. ల్యాంప్ రూములో బిళ్ల."

అవతల ఎవరో గ్లాసు కింద పెట్టిన చప్పుడు. హైమ మనసులో నాలుగు దాకా లెక్కపెట్టింది. నవలలో అయితే పేరా మార్చేది.

"రేపు పదకొండింటికి మీ ఇంటికొస్తం సార్. ముందుమాటలో మొదటి వాక్యం నేనే చెప్త, మీరు రాసుకుంటే చాలు. నాతోని ఇంకొకాయన వస్తుండు. మీకు ఎరుకే. మీ కథలో సచ్చిపోయినాయన."

పెట్టేసింది. అర నిమిషం ముగ్గురూ బియ్యం డబ్బా మీద పెట్టిన ఫోను వైపే చూశారు. ఫోను మోగింది. డబ్బా రేకు మీద గరగరమని వణుకుతూ పక్కకు జరుగుతోంది. ఆగింది. మళ్లీ మోగింది.

"ఎత్తవా?" అన్నాడు చందర్.

"ఎత్తొద్దు" అంది ఆదెమ్మ, బజ్జీ కొరుకుతూ.

మూడోసారి మోగింది. హైమ సంతోషంతో చందర్ మోచేయి పట్టుకుంది, తిరునాళ్లలో రంగులరాట్నం ఎక్కినప్పుడు పట్టుకున్నట్టు. రేపు అతనికి వారపు సెలవు. పదకొండు అని చెప్పావు కదా, అయితే పొద్దున ఆరింటి బస్సుకే బయల్దేరాలి, మామను కొత్తగూడెంలో ఎక్కించుకోవాలి, అని అతను లెక్క కడుతున్నాడు. హైమ తల అడ్డంగా ఊపింది.

"తొమ్మిదింటి బస్సుకు పోదాం బావా. నాయన్ను ఎక్కించుకొని, ఖమ్మంల దిగి, ముగ్గురం కడుపునిండ తిని, నాయనకు ఒక మిఠాయి కిళ్లీ గూడ ఇప్పిచ్చి, మెల్లగ ఒకటిన్నరకు సారు తలుపు కొడదాం."